అమెరికా కోడలికి రెండు గడపలు

పెళ్లయింది. వరుడు అమెరికా పౌరుడు. విందులు ముగిశాయి, సెలవు అయిపోయింది, పెళ్లికొడుకు విమానమెక్కి వెళ్లిపోయాడు. పెళ్లికూతురు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోయింది. నెలలు గడుస్తాయి. తొలి పెళ్లిరోజు ఫోన్లోనే జరుపుకోవాల్సి వస్తుంది. ఫిలిప్పీన్స్‌లో సెబు వెళ్లినా, దావావో వెళ్లినా ఇలాంటి కథ ఒకటి వినపడుతూనే ఉంటుంది. అమెరికా వాడిని చేసుకున్న ఫిలిప్పీనో అమ్మాయి కాపురానికి వెళ్లాలంటే రెండు సర్కార్ల గడపలు దాటాలి. ఒకటి లోపలికి రానివ్వాల్సిన అమెరికాది. రెండోది బయటికి పోనివ్వాల్సిన సొంత దేశానిది. మొదటి గడప ఎంత ఎత్తో అందరికీ తెలుసు. రెండోది ఒకటుందన్న సంగతి కొందరికి విమానాశ్రయంలో గానీ తెలియదు.

ఎక్కడో ఉన్న ఫిలిప్పీన్స్ గొడవ మనకెందుకని అనుకోనక్కర్లేదు. బళ్లారి, హోసూరు, బరంపురం, యానాంలలో తెలుగిళ్ల నుంచి అమెరికా పౌరుడికి భార్యగా వెళ్లే అమ్మాయికీ అదే చట్టం, అవే ఫారాలు. ఆమె మనీలాకు బదులు ముంబయి కాన్సులేట్‌కు వెళ్తుంది, అంతే తేడా. పైగా ఈ చుట్టరికం ఈనాటిది కాదు. 1934 చట్టంతో ఫిలిప్పీనోల వలసను ఏడాదికి 50 మందికి కుదించిన అమెరికా, 1946 జులై 2న లూస్-సెల్లర్ చట్టం తెచ్చి ఏడాదికి వంద మందిని రానిచ్చింది, పౌరసత్వానికీ అర్హత కల్పించింది. అదే చట్టం భారతీయులకూ అంతే ఇచ్చింది. రెండు దేశాల వాళ్లకూ ఒకే కాగితం మీద తలుపు తెరుచుకుందన్నమాట. ఆ తర్వాత సుబిక్, క్లార్క్ సైనిక స్థావరాలు 1990ల మొదట్లో మూతపడేదాకా అమెరికా సైనికులను పెళ్లాడి వెళ్లిన ఫిలిప్పీనో మహిళలకు లెక్కలేదు.

క్యూ లేదు, ఆలస్యం ఉంది

అమెరికా పౌరుడి భార్యకు గానీ భర్తకు గానీ వీసాల కోటా లేదు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పిలిపించుకోవాలంటే ఫిలిప్పీనోలకు రెండు దశాబ్దాలు పడుతుంటే, జీవిత భాగస్వామికి మాత్రం ఆ వరుసతో పనిలేదు. ఇది విని చాలామంది నాలుగు నెలల్లో పనైపోతుందనుకుంటారు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. వరుస లేకపోవడం వేరు, ఆలస్యం లేకపోవడం వేరు. భర్త వేసిన ఐ-130 అర్జీని వలస శాఖ ముందు పరిశీలించాలి. అక్కడ ఓకే అయ్యాక ఫైలు న్యూహాంప్‌షైర్‌లోని జాతీయ వీసా కేంద్రానికి వెళ్తుంది. అక్కడ రుసుములు, డీఎస్-260 ఫారం, పత్రాలన్నీ సరిపోయాకే మనీలా ఎంబసీలో ఇంటర్వ్యూ. ఇదంతా అయ్యేసరికి ఏడాది దాటడం మామూలే. భర్తకు పౌరసత్వం లేకుండా గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే కోటా వర్తిస్తుంది, కథ ఇంకా సాగుతుంది.

ఈ ఆలస్యంలో ఒకే ఒక్క లాభం ఉంది. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండి ఉంటే పదేళ్ల గ్రీన్‌కార్డు చేతికొస్తుంది. నిండకపోతే రెండేళ్ల షరతుల కార్డే. దొంగ పెళ్లిళ్లను అరికట్టేందుకు 1986లో పెట్టిన మెలిక ఇది. ఆ రెండేళ్లు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 అర్జీ పెట్టి, కాపురం నిజమైనదేనని మళ్లీ రుజువు చేసుకోవాలి. సాధారణంగా దాని మీద మొగుడూ పెళ్లాలిద్దరూ సంతకం పెట్టాలి. భర్త మంచివాడైతే ఇబ్బంది లేదు. కాకపోతే ఆ సంతకమే భార్య మెడ మీద కత్తి. అందుకే హింసకు గురైన భార్య భర్త ప్రమేయం లేకుండా సొంతంగా అర్జీ పెట్టుకునే దారిని చట్టం కల్పించింది. ఈ సంగతి తెలిసిన కోడళ్లు తక్కువ.

పెళ్లి ఇక్కడా, అక్కడా?

కాబోయే భార్యగా కే-1 వీసా మీద వెళ్లి అక్కడ పెళ్లి చేసుకోవడం రెండో దారి. గడచిన రెండేళ్లలో ఒక్కసారైనా ఇద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలి. దిగిన 90 రోజుల్లోపు పెళ్లి జరగాలి. త్వరగా తేలుతుందన్న పేరుంది గనుక కుర్రకారు దీనివైపే మొగ్గుతారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరు. 2024 ఏప్రిల్ నాటి రుసుముల ప్రకారం భార్యగా వెళ్లే దారిలో కాగితం మీద పెట్టే ఐ-130కి 675, వీసాకు 325, భర్త పూచీకత్తు పరిశీలనకు 120, గ్రీన్‌కార్డుకు 235, మొత్తం 1,355 డాలర్లు. కే-1 దారిలో అర్జీకి 675, వీసాకు 265, అక్కడికి వెళ్లాక హోదా మార్పిడికి 1,440, మొత్తం 2,380 డాలర్లు. వైద్య పరీక్షలు, కొరియర్లు, మనీలా ప్రయాణాలు వీటికి అదనం.

డబ్బు సంగతి అలా ఉంచినా, అసలు తిరకాసు ప్రయాణంలో ఉంది. భార్యగా వీసా తీసుకున్న అమ్మాయి అమెరికా విమానాశ్రయంలో దిగిన క్షణం నుంచి శాశ్వత నివాసి. పాస్‌పోర్టులో వేసిన ముద్రే ఏడాదిపాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది. వారం తిరక్కుండానే ఉద్యోగంలో చేరొచ్చు, తల్లికి బాగోలేదని కబురొస్తే మర్నాడే తిరుగు విమానం ఎక్కొచ్చు. కే-1 మీద వెళ్లిన అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు. పెళ్లి చేసుకుని గ్రీన్‌కార్డుకు అర్జీ పెట్టాక, ముందస్తు ప్రయాణ అనుమతి రాకుండా దేశం దాటితే ఆ అర్జీ వదులుకున్నట్లే లెక్క. ఆ అనుమతి వచ్చేదాకా తండ్రి పోయినా కడచూపు దక్కదు. నాలుగు నెలలు ముందు వెళ్దామని కే-1 ఎంచుకునేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఈ ముక్కే.

ఈలోగా టూరిస్టు వీసా మీద ఓసారి వెళ్లొస్తే పోలా అనే సలహా ప్రతి పెళ్లింట్లోనూ ఎవరో ఒకరు ఇస్తారు. అదంత సులువు కాదు. వచ్చే ప్రతి వ్యక్తీ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నట్లే భావించాలని అమెరికా చట్టం 214(బి) సెక్షన్ చెబుతుంది. కాదని రుజువు చేసుకునే భారం అడిగేవారిదే. భర్త అమెరికాలో ఉండి, వలస అర్జీ కూడా పెండింగులో ఉన్న ఇల్లాలు ‘తిరిగొచ్చేస్తా’ అంటే నమ్మేదెవరు? దీనికంటే భర్తే అటు వెళ్లడం మేలు. ఫిలిప్పీన్స్ 1989లో తెచ్చిన బాలిక్‌బయాన్ చట్టం ప్రకారం, విదేశాల నుంచి తిరిగొచ్చే ఫిలిప్పీనో భార్యతో కలిసి దిగే అమెరికన్ భర్తకు వీసా లేకుండానే ఏడాది ఉండే సౌకర్యం ఉంది. ఇద్దరూ కలిసి దిగాలి, పెళ్లి పత్రం చూపాలి. ఒంటరిగా దిగితే 30 రోజులే. అయితే ఉద్యోగం మానేసి అక్కడే మకాం పెట్టిన భర్త, భార్య పూచీకత్తు దగ్గరకొచ్చేసరికి తన నివాసం అమెరికాయేనని రుజువులు చూపించుకోవాల్సి వస్తుంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కు పోతే నుయ్యి!

పూచీకత్తు అంటే మాట కాదు

ఐ-864 అనే ఆ పూచీకత్తు కాగితం చూడ్డానికి మామూలు ఫారంలా ఉంటుంది. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం భర్తకు ఉండాలి. 2025 లెక్కన ఇద్దరున్న కుటుంబానికి అది ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. చాలకపోతే అమెరికాలో ఉంటున్న మరో పౌరుడు గానీ గ్రీన్‌కార్డు వ్యక్తి గానీ జత పూచీ ఇవ్వాలి. మొహమాటానికి సంతకం పెట్టే బంధువులు తెలుసుకోవాల్సిందేమిటంటే, ఆ బాధ్యత ఆమెకు పౌరసత్వం వచ్చేవరకో, 40 త్రైమాసికాల పని, అంటే సుమారు పదేళ్ల పని లెక్కకు వచ్చేవరకో సాగుతుంది. ఆమె దేశం వదిలి శాశ్వతంగా వెళ్లిపోయినా, ఎవరైనా మరణించినా తీరుతుంది. విడాకులతో మాత్రం తీరదు.

పేరులోనే ఉంది పేచీ

ఇక కాగితాలు. జనన, వివాహ పత్రాలు ఫిలిప్పీన్స్ గణాంక సంస్థ ఇచ్చినవే చెల్లుతాయి. ఊళ్లో మున్సిపాలిటీ ఇచ్చిన నకలు ఒక్కటీ సరిపోదు. పెళ్లి విదేశంలో జరిగితే ఫిలిప్పీన్ కాన్సులేట్‌లో నమోదు చేయించుకోవాలి, లేకపోతే సొంత దేశం రికార్డుల్లో ఆమె ఇంకా కన్యే. కే-1కు వెళ్లేవాళ్లు పెళ్లి కాలేదన్న ధ్రువపత్రం తేవాలి. నేరచరిత్ర లేదని జాతీయ దర్యాప్తు సంస్థ క్లియరెన్సు కావాలి. అక్కడ ఇంకో చిక్కు. అదే పేరున్న మరొకరెవరి మీదైనా కేసుంటే కంప్యూటర్ ‘హిట్’ చూపిస్తుంది. ఆ మనిషి ఈ మనిషి కాదని తేలేదాకా ఆగాల్సిందే. సాంటోస్, రేయెస్, క్రూజ్ అనే ఇంటిపేర్లు వీధికి పది ఉండే దేశంలో ఇది అరుదేం కాదు.

ఫిలిప్పీనోల్లో చాలామంది అప్పటికే సౌదీలోనో దుబాయ్‌లోనో హాంకాంగ్‌లోనో పనిచేసి వచ్చినవాళ్లు. పదహారేళ్లు నిండాక ఏడాదీ ఆపైన ఉన్న దేశాల నుంచి పోలీసు ధ్రువపత్రాలు తేవాలి. దేశం వదిలేశాక అక్కడి పోలీసు కాగితం తెప్పించుకోవడం తలప్రాణం తోకకు తెస్తుంది. కోనసీమ నుంచి కువైట్ వెళ్లొచ్చిన ఇళ్లలో ఈ బాధ చెప్పనక్కర్లేదు.

పేర్ల వ్యవహారం మరీ చిత్రం. ఫిలిప్పీనోలకు మధ్య పేరుగా తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. పెళ్లయ్యాక తండ్రి ఇంటిపేరు మధ్యకు జరిగి భర్త ఇంటిపేరు చివర చేరుతుంది. భర్త పేరు పెట్టుకోవడం తప్పనిసరి కాదని అక్కడి సుప్రీంకోర్టు 2010లో రెమో కేసులో చెప్పింది గానీ, ఒకసారి పాస్‌పోర్టులో మార్చుకున్నాక వెనక్కి తీసుకోవడం కష్టమేనని కూడా అదే తీర్పు తేల్చింది. 2024లో వచ్చిన కొత్త పాస్‌పోర్టు చట్టం ఒక్కసారికి ఆ అవకాశం ఇచ్చింది. వీసా ఒక పేరు మీద, టికెట్ మరో పేరు మీద ఉంటే చెకిన్ కౌంటర్ దగ్గర పెళ్లి పత్రం చేతపట్టుకుని బతిమాలుకోవాలి.

విడాకుల్లేని దేశం

కాగితాలన్నిటికంటే కఠినమైన ముడి ఇంకొకటుంది. వాటికన్‌ను పక్కనపెడితే విడాకుల చట్టం లేని దేశం ప్రపంచంలో ఫిలిప్పీన్స్ ఒక్కటే. అక్కడి ముస్లింలకు మాత్రం 1977 నాటి ప్రత్యేక చట్టం కింద మినహాయింపు ఉంది. ఇరవయ్యేళ్ల వయసులో చేసుకున్న తొలి పెళ్లి చెడి, భర్త ఎటో పోయి పదేళ్లయినా రికార్డుల్లో ఆమె అతని భార్యే. పెళ్లి చెల్లదని కోర్టులో తేల్చుకోవాలంటే ఏళ్లూపూళ్లూ, లక్షల పెసోలు. 2024 మేలో దిగువ సభ విడాకుల బిల్లు ఆమోదించినా సెనేట్‌లో ముందుకు సాగలేదు. విదేశీయుడితో జరిగిన పెళ్లి విదేశంలో రద్దయితే దాన్ని గుర్తించే వీలు కుటుంబ స్మృతిలోని 26వ అధికరణం ఇస్తోంది. ఆ విడాకులు తెచ్చుకుంది ఫిలిప్పీనో భార్యే అయినా చెల్లుతుందని 2018లో మనాలో కేసులో తీర్పు వచ్చింది. కాకపోతే దానికీ ఫిలిప్పీన్స్ కోర్టులో విడిగా పిటిషన్ వేసి గెలవాలి. ఈ పని చేయకుండా రెండో పెళ్లికి తొందరపడితే, మనీలా ఎంబసీలో ఇంటర్వ్యూ గదిలో ఆ పెళ్లే ప్రశ్నార్థకమవుతుంది.

వైద్య పరీక్ష దగ్గర ఆగేవాళ్లూ ఉన్నారు. మనీలాలో సెయింట్ లూక్స్ విస్తరణ క్లినిక్‌లో ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల్లో పాత మచ్చ కనపడినా కళ్లె పరీక్ష చేసి, కల్చర్ ఫలితం కోసం సుమారు రెండు నెలలు ఆపుతారు. క్షయ తేలితే మందులు పూర్తయ్యేదాకా, అంటే ఆరు నెలలో ఇంకా ఎక్కువో ఆగాలి. క్షయ ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటి గనుక ముంబయి వెళ్లేవాళ్లూ ఈ ఆలస్యాన్ని లెక్కలో ఉంచుకోవాలి. వీసా గడువు మామూలుగా వైద్య పరీక్షను బట్టి ఆరు నెలలే. ఇంటర్వ్యూ తేదీ తేలకముందే టికెట్లు కొనేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

దేవుడు వరమిచ్చినా...

ఇన్ని దాటి వీసా చేతికొచ్చిందనుకుందాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా! విదేశీయుడి భార్యగానో కాబోయే భార్యగానో వెళ్లే ఫిలిప్పీనో, ప్రవాస ఫిలిప్పీనోల కమిషన్ నిర్వహించే కౌన్సెలింగుకు హాజరై ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది లేకుంటే విమానాశ్రయంలో వలస అధికారి ఆపేస్తాడు. దీన్నే అక్కడ ‘ఆఫ్‌లోడ్’ చేయడం అంటారు. సామాను దించినట్లు మనిషిని దించేయడం.

ఈ నిబంధన ఊరికే పుట్టలేదు. ఫొటోల పుస్తకాలు చూపి పెళ్లికూతుళ్లను అమ్మే దందా మితిమీరడంతో 1990లో ఫిలిప్పీన్స్ దాన్ని నిషేధించింది. ఇంటర్నెట్ వచ్చాక 2016లో చట్టాన్ని మళ్లీ బిగించింది. 1995లో అమెరికాలోని సియాటిల్‌లో, అలాంటి పరిచయంతోనే వెళ్లిన ఒక గర్భిణిని పెళ్లి రద్దు కేసు నడుస్తుండగా కోర్టు భవనంలోనే భర్త కాల్చి చంపాడు. ఆమె వెంట వచ్చిన ఇద్దరు స్నేహితురాళ్లనూ వదల్లేదు. పెళ్లి బ్రోకర్లను కట్టడి చేస్తూ, అర్జీదారుడి నేరచరిత్ర కాబోయే భార్యకు తెలియాలంటూ అమెరికా చేసిన చట్టం 2006 జనవరిలో గానీ రాలేదు. కాబట్టి ప్రయాణానికి ముందు ఒక గంట కూర్చోబెట్టి హక్కులు చెప్పడాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు.

తప్పు ఆ చెప్పడాన్ని గేటుగా మార్చడంలో ఉంది. 2022లో ఫిలిప్పీన్స్ వలస శాఖ 32,404 మంది ప్రయాణికులను ఆపింది. వారిలో అక్రమ రవాణా, దొంగ రిక్రూట్‌మెంటు బాధితులుగా తేలింది 472 మంది. మిగతావాళ్ల టికెట్ డబ్బులు ఏమైనట్లు? ఒక ప్రయాణికురాలిని కాలేజీ ఇయర్‌బుక్ చూపమని అడిగిన వ్యవహారం 2023 మార్చిలో బయటికొచ్చి దేశమంతా గగ్గోలు పుట్టింది. అయినా అదే ఏడాది ఆగస్టులో మరిన్ని కాగితాలు అడుగుతూ కొత్త మార్గదర్శకాలు తెచ్చారు. సెనేటర్లు మండిపడ్డాక అమలుకు ముందే నిలిపేశారు.

మన దగ్గర సీను తిరగబడి ఉంటుంది. భార్యగా అమెరికా వెళ్లే అమ్మాయిని ఆపే చట్టం భారతదేశంలో లేదు. గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు పనికి వెళ్లేవారికే వలస అనుమతి నిబంధన. ఆపకపోవడం మంచిదే గానీ, చెప్పేవాళ్లూ లేరు. ఎన్నారై పెళ్లికొడుకులు వదిలేసిన భార్యల సంగతి తెలుగు జిల్లాల్లో కొత్తది కాదు. ఎన్నారై వివాహాల నమోదుకు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని సిఫార్సు చేసింది. ఐ-751 మీద భర్త సంతకం లేకపోతే ఏం చేయాలో మనీలా క్లాసులో అడిగి తెలుసుకునే వీలైనా ఉంది. బళ్లారి అమ్మాయి ఆ ప్రశ్న ఎవరిని అడగాలి?

కోర్టుకెళ్తే?

ఎంబసీ కాదంటే అమెరికా కోర్టులో తేల్చుకోవచ్చుగా అనే ఆశ ఒకటుండేది. 2024 జూన్ 21న మునోజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు దాన్నీ చాలావరకు తుంచేసింది. లాస్ ఏంజెలెస్ మహిళ భర్తకు ఎల్ సాల్వడార్‌లోని ఎంబసీ వీసా నిరాకరిస్తే ఆమె కోర్టుకెక్కింది. విదేశీ భర్తను దేశంలోకి రానివ్వాలని కోరడం పౌరురాలి ప్రాథమిక హక్కు కాదని 6-3 మెజారిటీతో తీర్పు వచ్చింది. జస్టిస్ సోటోమేయర్ తీవ్రంగా విభేదించారు. తేలిందేమంటే, పెళ్లి చేసుకునే హక్కుంది, ఆ మనిషితో అమెరికాలో కాపురం పెట్టే హక్కు లేదు. కాన్సులర్ అధికారి బల్ల మీద పడే కాగితాల మీదే అంతా ఆధారపడి ఉంది.

ఇంకో మార్పు కూడా 2025 నవంబరు 1 నుంచి వచ్చింది. వలస వీసా ఇంటర్వ్యూ సొంత దేశంలోనో, నివసిస్తున్న దేశంలోనో మాత్రమే పెడుతున్నారు. త్వరగా తేలుతుందని మూడో దేశానికి పోయే దారి దాదాపు మూసుకుపోయింది.

సరిహద్దు జిల్లాల తెలుగువారికి కాగితాల దగ్గర ఇంకొంచెం పని ఎక్కువే. చదివింది తెలుగు మీడియం, జనన నమోదు కన్నడంలో, పెళ్లి పత్రం తమిళంలోనో ఒడియాలోనో ఉంటుంది. యానాంలో పెద్దల రికార్డులు ఫ్రెంచిలో ఉన్న ఇళ్లూ ఉన్నాయి. ఐ-130తో పెట్టే ప్రతి పత్రానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, అనువాదం సరైనదేనని, ఆ భాష తనకు వచ్చునని అనువాదకుడి సంతకంతో ధ్రువీకరణ కావాలి. హోసూరు వైపు ఇనిషియళ్లతో సరిపెట్టుకున్నవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద ఇంకో గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని, అంటే మొదటి పేరు తెలియదని అచ్చవుతుంది. ఆ మూడక్షరాలు బ్యాంకు ఖాతా దాకా, డ్రైవింగ్ లైసెన్సు దాకా వెంటపడతాయి. అర్జీ పెట్టకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు విడగొట్టించుకుంటే ఈ బెడద ఉండదు. అర్జీ పెట్టాక మార్చుకుంటే, రెండు పేర్లూ ఒకరివేనని చూపే కాగితం ఇంకొకటి ఫైలుకు చేరుతుంది.